సలాలా: అరబ్బు నేలపై మూడు నెలల వానాకాలం

ఖరీఫ్ అంటే ఏమిటో మన రైతు ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తొలకరితో మొదలయ్యే పంట కాలం. అసలు అది అరబ్బీ మాట, శరదృతువు అని దాని అర్థం. ఫారసీ, ఉర్దూ రెవెన్యూ లెక్కల మీదుగా మన పొలాల్లోకి వచ్చి ఇక్కడి మాటే అయిపోయింది. ఒమన్ దేశపు దక్షిణ కొసన, అరేబియా సముద్రం ఒడ్డున ఉన్న సలాలా నగరంలో కూడా జనం ఖరీఫ్ కోసం ఎదురు చూస్తారు. అక్కడ ఆ మాటకు పొగమంచు, సన్నటి జల్లుల కాలమని అర్థం. జూన్ 21 ప్రాంతంలో మొదలై సెప్టెంబరు 21 దాకా ఉంటుంది.

ఆ మూడు నెలలు మస్కట్‌లో, దుబాయ్‌లో, కువైట్‌లో బయట అడుగు పెట్టలేం. ఎండ 40 డిగ్రీలు దాటి కాల్చేస్తుంటుంది. అదే సమయంలో సలాలాలో 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, ముఖం మీద తుంపర పడుతుంటుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లకు ఈ ఊరి పేరు కొత్తేం కాదు. ఇంటి దగ్గర్నుంచి భార్యాపిల్లలో అమ్మానాన్నలో విజిట్ వీసా మీద వచ్చినప్పుడు ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే ముందు గుర్తొచ్చేది ఇదే.

వచ్చిన చిక్కల్లా ఫొటోలతోనే. అందులో పచ్చటి కొండ, జలపాతం, నీలి సముద్రం అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ మూడూ ఒకే నెలలో దొరకవు. ఏ గాలి కొండల్ని పచ్చగా చేస్తుందో ఆ గాలే సముద్రాన్ని మనిషి దగ్గరికి పోలేనంతగా రెచ్చగొడుతుంది. ఇది తెలియక వెళ్లి నిరాశపడి వచ్చేవాళ్లు కొందరైతే, ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే చూడాల్సిన చోట్ల గురించి చెప్పేముందు ఆ పచ్చదనం ఎలా వస్తుందో కొంచెం తెలుసుకుందాం.

పచ్చదనం వెనుక సంగతి

మన దగ్గర వానలు కురిపించే నైరుతి రుతుపవనాలే సలాలాకూ ఆధారం. కాకపోతే అక్కడ మేఘం పని చేసే తీరు వేరు. జూన్ నుంచి నైరుతి గాలి ఒమన్ తీరం వెంబడి బలంగా వీస్తూ పైనున్న వెచ్చటి సముద్రపు నీటిని ఒడ్డుకు దూరంగా నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి. తేమతో వచ్చే గాలి ఈ చల్లటి నీటిని తాకి పొగమంచుగా మారుతుంది. ఊరి వెనక గోడలా నిలబడ్డ కొండలు దాన్ని ముందుకు పోనివ్వవు. పైనేమో ఎడారి నుంచి వచ్చే వేడి పొడిగాలి మూతలా కమ్ముకుని ఉంటుంది. మేఘం పైకి ఎదగలేదు, వెనక్కి పోలేదు. దాంతో మూడు నెలలు కొండకే అతుక్కుని తుంపరగా రాలుతూ ఉంటుంది.

కాబట్టి మన దగ్గరిలా కుండపోత వాన కురుస్తుందని ఆశించకండి. చాలా రోజులు గొడుగు కూడా అక్కర్లేదు, అయినా బట్టలు మాత్రం తడుస్తాయి. ఇక్కడి చెట్లు బతికేది కూడా చాలావరకు ఈ మంచు మీదే. ఆకులు, కొమ్మలు పొగమంచును పట్టి బొట్లుబొట్లుగా నేలకు జారుస్తాయి. వానగా పడే నీటికి ఇది అదనం. చెట్టు పోతే ఆ మంచును పట్టేది ఏదీ ఉండదు, ఆ నీళ్లూ పోతాయి. అనోజీసస్ ధోఫారికా అనే చెట్టు ఈ కొండల్లోనూ, పక్కనున్న యెమెన్ కొండల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిగా కనిపించదు. పశువులు ఎక్కువై మేత మితిమీరడంతో ఆ అడవి పలచబడుతోందని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. కారును పచ్చిక మీదికి ఎక్కించి దుప్పటి పరుచుకునే అలవాటు దానికి తోడైంది. అలా చేయొద్దని అక్కడి అధికారులు ప్రతి ఏడూ హెచ్చరిస్తుంటారు.

ఎప్పుడు వెళ్లాలి?

పచ్చదనమే చూడాలనుకుంటే జులై మూడో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం మధ్య వెళ్లండి. జూన్ చివర్లో వెళ్తే మంచు ఉంటుంది కానీ గడ్డి ఇంకా మొలిచి ఉండదు. పచ్చగా ఉంటుందనుకుని వెళ్లి మట్టికొండలు చూసి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తొందరపడి ముందే బయలుదేరినవాళ్లే. ఆగస్టులో గల్ఫ్ దేశాలన్నిటి నుంచీ జనం వచ్చిపడతారు. రూముల అద్దెలు మామూలు రోజుల కంటే బాగా పెరుగుతాయి, కొండ రోడ్ల మీద కార్లు బారులు తీరతాయి.

మమ్మల్ని అడిగితే సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి వారాలు మేలంటాం. స్థానికులు ఆ కాలాన్ని సర్బ్ అంటారు. మంచు విడిపోయి ఆకాశం తేటగా ఉంటుంది, గడ్డి ఇంకా ఎండి ఉండదు, జలపాతాల్లో కొంత నీరు మిగిలి ఉంటుంది, జనమూ తగ్గుతారు. పిల్లల బడి సెలవులతో కుదరకపోవడం ఒక్కటే ఇబ్బంది.

సముద్రమే కావాలి, పిల్లలు నీళ్లలో ఆడుకోవాలి అనుకుంటే నవంబరు నుంచి మార్చి దాకా వెళ్లండి. అప్పుడు కొండలు గోధుమ రంగులోకి మారి ఉంటాయి. సముద్రం మాత్రం ప్రశాంతంగా, తేటగా ఉంటుంది. మిర్బాత్ వైపు పడవలో వెళ్తే డాల్ఫిన్లు గుంపులుగా కనిపించే అవకాశం ఉంది. ఒడ్డునున్న ఖోర్‌లలో, అంటే సముద్రం పక్కన నిలిచే ఉప్పునీటి మడుగుల్లో, రాజహంసల వంటి వలస పక్షులు దిగుతాయి.

తూర్పు వైపు: దర్బాత్ నుంచి మిర్బాత్ దాకా

ఒక్కరోజే టైం ఉందనుకోండి, తూర్పు దారి పట్టండి. ఊరి నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో వాదీ దర్బాత్ ఉంది. వాదీ అంటే వాగు పారే లోయ. పైన లోయలో నీళ్లు నిలిచి చెరువులా ఉంటుంది, చుట్టూ గడ్డి, ఆ గడ్డిలో ఆవులు, ఒంటెలు. అరబ్బు దేశంలో ఆవుల మంద అడ్డొచ్చి కారు ఆపుకోవాల్సి వస్తుందని చెబితే ఇంటి దగ్గర నమ్మరు! లోయ చివర సుమారు 100 మీటర్ల ఎత్తున్న సున్నపురాతి గోడ మీంచి నీళ్లు కిందికి దూకుతాయి. అయితే ప్రతి రోజూ, ప్రతి ఏడూ ఒకేలా ఉండవు. వాన బాగా పడిన ఏడాది హోరు దూరానికే వినిపిస్తుంది, లేకపోతే సన్నటి ధారలే. 2018 మే 25న మెకును తుపాను సలాలా దగ్గర తీరం దాటినప్పుడు నాలుగైదు రోజుల్లోనే ఆ ఊరికి ఏడాదికి పడే వానకు ఎన్నో రెట్లు పడింది. రోడ్లు కొట్టుకుపోయి ప్రాణనష్టం జరిగినా, ఎండిపోయిన వాగులు మాత్రం మళ్లీ నిండాయి.

దర్బాత్ నీళ్లు కిందికి దిగి కలిసేది ఖోర్ రోరీ మడుగులో. ఇసుక దిబ్బ అడ్డు కట్టడంతో అది సముద్రంలో నేరుగా కలవకుండా నిలిచిపోయింది. ఒడ్డున గుట్టమీద సుమ్‌హురమ్ అనే పాత రేవు పట్టణం శిథిలాలున్నాయి. రెండు వేల ఏళ్ల కిందట లుబాన్ ఎక్కించుకున్న ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరేవి. ఇది 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. సాయంత్రం పూట ఆ గుట్ట మీద నిలబడితే ఒక పక్క కొండ, ఒక పక్క మడుగు, ఎదురుగా సముద్రం కనిపిస్తాయి. మా లెక్కలో సలాలా చుట్టుపక్కల ఇంత అందమైన చోటు ఇంకోటి లేదు. విచిత్రం ఏమిటంటే జలపాతం దగ్గర కాలు పెట్టే చోటు లేకపోయినా ఇక్కడ జనం తక్కువే.

అక్కడి నుంచి కొండెక్కితే తావీ అతైర్ వస్తుంది. పేరుకు అర్థం పక్షుల బావి. సున్నపురాతి నేల లోపల నీటికి కరిగిపోయి, పైకప్పు కూలి ఏర్పడిన గొయ్యి ఇది. లోతు 200 మీటర్లకు పైనే. గోడల సందుల్లో గూళ్లు కట్టుకున్న పక్షుల అరుపులు లోపల్నుంచి మారుమోగుతుంటాయి. కట్టిన మెట్లదారిలోనే కొంతమేర దిగాలి, మంచులో రాళ్లు జారతాయి కాబట్టి పెద్దవాళ్లను పైనే కూర్చోబెట్టడం మంచిది. ఈ దారిలోనే కారు న్యూట్రల్‌లో పెడితే ఎత్తుకు ఎక్కుతుందని చెప్పే రోడ్డొకటి ఉంది. అది కంటి భ్రమ మాత్రమే, నిజానికి రోడ్డు పల్లంగానే ఉంటుంది. పిల్లలు మాత్రం దీన్నే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు.

ఇంకా తూర్పుకు పోతే జబల్ సమ్హాన్ కొండలు వస్తాయి. అరేబియా చిరుతపులి ఇంకా బతికున్న కొద్దిచోట్లలో ఇదొకటి. 1997లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చిరుత మీకు కనిపించదు. అంచున నిలబడితే మేఘాలు మాత్రం మీ కాళ్లకింద కనిపిస్తాయి. సలాలాకు 70 కిలోమీటర్ల దూరంలోని మిర్బాత్ చిన్న జాలరి ఊరు, పాత ఇళ్లు, పడవలు చూసి చీకటి పడేలోపు వెనక్కి తిరగొచ్చు.

ఊటల దగ్గర ఒక జాగ్రత్త

కొండల కింది అంచు వెంబడి నీటి ఊటలున్నాయి. వీటిని అయిన్ అంటారు. అయిన్ రజాత్, అయిన్ జర్జీజ్, అయిన్ హమ్రాన్, అయిన్ ఖోర్, అయిన్ అతూమ్ వీటిలో పేరున్నవి. రజాత్‌లో ఏడాదంతా నీరుంటుంది, కాలువలు, తోట, నీడ ఉంటాయి. ముసలివాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు అదే బాగుంటుంది. అతూమ్ జలపాతం ఖరీఫ్‌లోనే కనిపిస్తుంది.

నీళ్లు తేటగా ఉన్నాయని పిల్లల్ని దింపకండి. ధోఫార్ మంచినీటి మడుగుల్లో బిల్‌హార్జియా జబ్బు ఉన్నట్టు ఎప్పుడో గుర్తించారు, చాలాచోట్ల బోర్డులు కూడా పెట్టారు. నీటి నత్తల నుంచి వెలువడే కంటికి కనిపించని పురుగు చర్మం గుండా ఒంట్లోకి దూరుతుంది. తాగనక్కర్లేదు, కాళ్లు పెట్టినా చాలు. లక్షణాలు వారాల తర్వాత బయటపడతాయి. అప్పటికి మీరు హైదరాబాద్‌లోనో కడపలోనో ఉంటారు, జ్వరం ఎందుకొచ్చిందో డాక్టరుకు అంతుబట్టదు. ఇప్పటికే దిగి ఉంటే ఆ సంగతి డాక్టరుతో తప్పకుండా చెప్పండి. మాత్రలతో తగ్గే జబ్బే.

పడమటి వైపు: ముగ్‌సైల్

ఊరికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ముగ్‌సైల్ తీరం ఉంది. పొడవాటి తెల్ల ఇసుక తీరం, దాని చివర మర్‌నీఫ్ అనే పెద్ద రాతి గుహ. గుహ ముందున్న రాతి చదునులో రంధ్రాలున్నాయి. కింద అల వచ్చి కొట్టినప్పుడు ఆ రంధ్రాల్లోంచి నీళ్లు హోరుమంటూ ఫౌంటెన్‌లా పైకి చిమ్ముతాయి. ఖరీఫ్‌లో సముద్రం ఉద్ధృతంగా ఉంటుంది కాబట్టి ఈ చిమ్మడమూ ఎక్కువే. నవంబరులో వెళ్తే గాలి బుస కొట్టడం తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు.

అక్కడ కట్టిన కంచెను దాటొద్దు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. 2022 జులైలో కంచె దాటి రాళ్ల మీదికి వెళ్లిన ఎనిమిది మందిని ఒక్క అల సముద్రంలోకి లాగేసింది. ముగ్గురిని మాత్రమే ప్రాణాలతో బయటికి తీయగలిగారు. పిల్లలతో సహా కొట్టుకుపోయిన ఆ వాళ్లు సెలవులకు వచ్చిన మన దేశం వాళ్లు. ఆ వీడియో అప్పట్లో వాట్సాప్‌లో అందరి ఫోన్లకూ చేరింది. చూసినవాళ్లలో చాలామందికి అంత పెద్ద అల ముందే కనిపించలేదా అన్న అనుమానం వచ్చింది. కనిపించదు. ఖరీఫ్ అలలు దూరపు గాలి తోసుకొచ్చినవి. పది అలలు రాయి దగ్గరే ఆగిపోతాయి, పదకొండోది మనిషి ఎత్తున రాయెక్కి వస్తుంది. తడిసిన రాయి మీద నాచు ఉంటుంది, పరిగెత్తడానికి కాలు ఆనదు. పడ్డవాళ్లను అల వెనక్కి పోతూ లాగేస్తుంది, కింద నీళ్లు చల్లగా ఉంటాయి, ఈత వచ్చినవాళ్లు కూడా రాతిగోడ ఎక్కలేరు.

ఖరీఫ్ మూడు నెలలు ఈ తీరంలో ఎక్కడా నీళ్లలోకి దిగకూడదు, మోకాలి లోతుకైనా సరే. ఇసుక తీరంలో అల చిన్నగానే కనిపించినా అడుగున వెనక్కి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఒడ్డుకు దూరంగా కూర్చుని చూడండి. ఫొటో తీసేవాళ్లు సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. రాళ్ల దగ్గర ఎవరైనా పడిపోతే వెంట దూకకుండా 9999కి ఫోన్ చేయండి, నీళ్లలో తేలే వస్తువు ఏదున్నా వాళ్ల వైపు విసరండి. అలాంటి ప్రమాదాల్లో కాపాడబోయి పోయినవాళ్లూ తక్కువ కాదు.

ముగ్‌సైల్ దాటాక రోడ్డు జబల్ ఖమర్ కొండల మీదికి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. యెమెన్ సరిహద్దు వైపు పోయే దారి ఇది. దారిలో చెక్‌పోస్టులు ఉంటాయి, పాస్‌పోర్టో రెసిడెంట్ కార్డో దగ్గర ఉంచుకోండి. పైన షాత్ దగ్గర కొండ తెగిపోయినట్టు నిలువుగా సముద్రంలోకి దిగిపోతుంది. మంచు విడిచిన ఐదు నిమిషాల్లో ఆ అంచు కనిపిస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. మంచులో అంచు ఎక్కడుందో తెలియదు కాబట్టి కారు దిగగానే పిల్లల్ని వదలకండి.

కొండ వెనక లుబాన్ చెట్లు

ఉత్తరంగా తుమ్రైత్ దారి పట్టి 40 కిలోమీటర్లు పోతే వాదీ దౌకా వస్తుంది. ఆగస్టులో ఈ ప్రయాణమే ఒక వింత. కొండెక్కేటప్పుడు వైపర్లు వేసుకుని, హెడ్‌లైట్లు పెట్టుకుని నడుపుతారు. శిఖరం దాటిన కాసేపటికే మంచు తెగి, ఎండ కొట్టి, ఏసీ పెంచాల్సి వస్తుంది. గడ్డి ఆగిపోయే గీత కూడా కంటికి కనిపిస్తుంది.

లుబాన్ చెట్టు కావాలని ఆ గీతకు అవతలే పెరుగుతుంది. మంచు నేరుగా తడిపితే దానికి పడదు, చల్లగాలి మాత్రం తగలాలి. నేల దగ్గర్నుంచే కొమ్మలు వేసిన పొట్టి చెట్టు, కాగితంలా ఊడే బెరడు. వేసవి మొదట్లో బెరడును కొద్దిగా చెక్కుతారు. పాలలాంటి జిగురు కారి గడ్డకడుతుంది. మొదటి చెక్కుడుకు వచ్చింది అంత విలువైంది కాదు, మళ్లీ మళ్లీ చెక్కగా వచ్చిందే మంచి సరుకు. లేత ఆకుపచ్చ ఛాయతో, తేటగా ఉండే హోజరీ రకానికి ఎక్కువ ధర.

మన ఇళ్లల్లో శుక్రవారం నిప్పుల మీద వేసే లోబాన్, సాంబ్రాణి ఇదే అనుకుంటాం. బజారులో సాంబ్రాణి పేరుతో దొరికేది ఎక్కువగా సుమత్రా వైపు చెట్ల జిగురు. అరబ్బులు దాన్ని లుబాన్ జావీ, అంటే జావా లుబాన్ అన్నారు. పేరు ఒకటే కావడంతో రెండూ కలిసిపోయాయి. సలాలా లుబాన్‌కు అసలు దగ్గరి చుట్టం మన అడవుల్లోని అందుగు చెట్టు. కొనేటప్పుడు ఒక ముక్క నిప్పు మీద వేయించి వాసన చూసి తీసుకోండి, బేరమాడటంలో తప్పేం లేదు.

ఊళ్లో, దారిలో

సలాలా ఊరు కూడా గల్ఫ్ ఊళ్లలా ఉండదు. సముద్రం వెంబడి కొబ్బరి, అరటి, బొప్పాయి తోటలు, రోడ్డు పక్కన కొబ్బరి బోండాల బంకులు. కోనసీమ వాళ్లు ఒక నిమిషం ఎక్కడున్నామో మర్చిపోతారు. తమలపాకు కూడా ఇక్కడ పండుతుంది. 14వ శతాబ్దంలో వచ్చిన ఇబ్న్ బతూతా ఇక్కడి కొబ్బరి, తమలపాకుల గురించి వివరంగా రాశాడు. అప్పటి జఫార్ పట్టణం శిథిలాలు అల్ బలీద్‌లో ఉన్నాయి, పక్కనే మ్యూజియం ఉంది. ఇత్తీన్ కొండ మీద అయ్యూబ్ అలైహిస్సలాం గారిదని చెప్పే సమాధి ఉంది. వేరే దేశాల్లోనూ అదే పేరుతో సమాధులున్నాయి. జియారత్‌కు వెళ్లేవాళ్లు మంచు తక్కువగా ఉండే పగటి పూట కొండెక్కండి. దిగేటప్పుడు ఇత్తీన్ దారిలో రాళ్ల మీద కాల్చిన మద్బీ మాంసం తిని రావచ్చు.

మస్కట్ నుంచి విమానంలో గంటన్నర ప్రయాణం. రోడ్డు మీద సుమారు 1,000 కిలోమీటర్లు, ఆదం, హైమా, తుమ్రైత్ మీదుగా ఎడారిలో తిన్నగా పోతుంది. టికెట్ల డబ్బు మిగులుతుందని నలుగురైదుగురు కలిసి కారులో, రాత్రి డ్యూటీ ముగియగానే బయలుదేరడం మనవాళ్లకు అలవాటు. ఈ దారిలో ప్రమాదాలకు ముఖ్య కారణం నిద్రే. హైమాలో రాత్రి ఆగి పడుకోండి. ప్రతి పెట్రోలు బంకులో ట్యాంకు నింపుకోండి. చీకట్లో రోడ్డు దాటే ఒంటెలు లైటు వెలుగులో ఆఖరి నిమిషం దాకా కనిపించవు.

సలాలా కొండల మీద మంచులో హై బీమ్ వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, లో బీమ్, ఫాగ్ లైట్లే వాడాలి. వాగు పారుతుంటే కారు దించకండి, ఒమన్‌లో అది శిక్ష పడే నేరం. పెద్దవాళ్లకు పలచటి స్వెటరు, అందరికీ పట్టు ఉన్న చెప్పులు, పిల్లలకు రెండు జతల బట్టలు ఎక్కువ పెట్టుకోండి. ఖరీఫ్‌లో ఆరేసిన బట్ట రెండు రోజులైనా ఆరదు.